నాన్న తొలి పలుకు

ప్రూఫులావిడ చేతిలో ఎర్రపెన్ను ఆగిందంటే తప్పు దొరికిందన్నమాటే. ఆ ప్రెస్సులో ఆవిడ బల్ల ముప్పై ఏళ్లుగా కిటికీ పక్కనే ఉంది. బల్ల మీద ఒక చెక్క స్కేలు, రెండు పెన్నులు, అంచులు పిండి పిండైపోయిన ఒక నిఘంటువు. స్కేలు పంక్తి కింద ఆనించి, పంక్తి అయ్యాక దాన్ని ఒక్క వేలు వెడల్పు కిందికి జరుపుతూ, పెదవులు కదపకుండా చదువుతుంది. మందుల కరపత్రమైనా, పిల్లల వాచకమైనా అదే స్కేలు, అదే నిదానం. వత్తు ఎగిరిపోయినా దీర్ఘం జారిపోయినా ఆవిడ కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు.

సోమవారం పొద్దున ఆవిడ ముందుకొచ్చింది హైకూల పుస్తకం. ఊళ్లో కవుల సంఘం పోటీ పెట్టి, వచ్చినవాటిలోంచి అరవై నాలుగు ఏరి, పేజీకి ఒకటి చొప్పున అచ్చు వేయిస్తోంది. పేజీకి మూడంటే మూడే పంక్తులు. “ఈ వారం మీకు సెలవే అనుకోండి” అని ఓనరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మాటలు తక్కువున్న చోట తప్పు ఇంకా పెద్దగా కనబడుతుందని ఆవిడకి తెలుసు.

మంచు మీద, తూనీగ మీద, రాలిన ఆకు మీద, నీళ్లలో చంద్రుడి మీద ఒక్కొక్కటే దాటుకుంటూ నలభై మూడో పేజీకి వచ్చింది.

వాన వెలిసి —
నాన్న తొలి పలుకు:
“ఏయ్, నా కొడకా!”

స్కేలు కదల్లేదు. ఆవిడ భుజాలు రెండూ చెవుల వైపు కొద్దిగా లేచాయి. ఆ సంగతి ఆవిడకే తర్వాత తెలిసింది. ఆ మాట పదిహేనేళ్లు ఆవిడ ఇంట్లో వినబడింది. విసిరిన పళ్లెం గోడకి తగిలిన చప్పుడు తర్వాత వినబడేది, లేదా ముందు. ఆడదాన్ని పట్టుకుని కొడకా అనడమేమిటని అడిగేవాళ్లు ఎవరూ లేరు. అన్న మొగుడు పోయి ఆరేళ్లయింది. మాట మాత్రం ఇదిగో, తెల్లటి పేజీ మధ్యలో, చుట్టూ బోలెడంత ఖాళీ పెట్టుకుని కూర్చుంది.

మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన మార్జిన్లో ప్రశ్న గుర్తు పెట్టింది. ప్రెస్సులో దానికి ఒకటే అర్థం: ఇది ఇలాగే ఉండాలా, రాసినవాళ్లని అడగండి. కింద పేరు చూసింది. పేరుకి బదులు రెండు పొడి అక్షరాలు, ఇనుము కోసే ఒక లేత్ షెడ్డు చిరునామా, ఒక ఫోన్ నంబరు. ‘అనుకున్నాను’ అనుకుంది. నూనె మరకల చేతులు, బండ మీసం, నోరు తెరిస్తే బూతులు. ఆ మనిషి ఎలా ఉంటాడో ఆవిడకి అప్పుడే కళ్లకి కట్టింది. పేజీ తిప్పేసింది.

సాయంత్రం సంఘం అధ్యక్షుడు వచ్చి ప్రూఫుల కట్ట తీసుకెళ్లాడు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరైనవాడు. ఊళ్లో సగంమంది ఆయన దగ్గర గుణింతాలు దిద్దినవాళ్లే గనక అందరికీ ఆయన మాస్టారే.

మంగళవారం కట్ట తిరిగొచ్చింది. కంప్యూటరు ముందు కూర్చునే ఆపరేటరమ్మాయి దిద్దుబాట్లు ఎక్కించడానికి పేజీలు తిప్పుతూ ఫక్కున నవ్వింది.

“ఆంటీ, ఇది చూడండి!”

ఎర్ర ప్రశ్న గుర్తు పక్కన మాస్టారి గుండ్రటి నీలం దస్తూరి. మూడో పంక్తిని సమానమైన గీతతో కొట్టేసి, పైన “ఓ నా కుమారా!” అని రాశాడు. కింద చిన్న అక్షరాలతో, ‘అక్షరసంఖ్య సరిపోయినది’ అని కూడా.

“తొలి పలుకంటే జబ్బుపడి మాట పోయినాయనేగా. మూడు నెల్లో ఆర్నెల్లో మూగబోయిన మనిషి లేచి ‘ఓ నా కుమారా’ అన్నాడంటే, రోగం తిరగబెట్టిందనుకుంటారు” అన్నాడు మిషన్ దగ్గరున్న ఆపరేటరు, చేతులకి అంటిన సిరా గుడ్డతో తుడుచుకుంటూ.

“అయితే కవిత్వంలో తిట్టు ఉండొచ్చంటావా?” అంది అమ్మాయి.

“ఉండొచ్చో ఉండకూడదో నాకేం తెలుసు? హైకూకి పదిహేడు అక్షరాలేనన్నారుగా. నాకు సరిగ్గా తిట్టడానికే పదిహేడు చాలవు.”

మూల కూర్చుని ఫారాలు మడతపెడుతున్న బైండింగు పెద్దావిడ తలెత్తకుండానే అంది. “మా ఆయన మూడు నెలలు నోరు మూసుకుంటానంటే, ఆ తర్వాత ఏం తిట్టినా పడతా.”

అందరూ నవ్వారు. ప్రూఫులావిడ నవ్వలేదు. నిజం చెప్పాలంటే, నీలం గీత చూడగానే ఆవిడకి ముందు హాయిగా అనిపించింది. మాట పోయింది, పేజీ శుభ్రపడింది. కానీ స్కేలు ఆనించి మళ్లీ చదివింది. ‘నాన్న తొలి పలుకు: ఓ నా కుమారా.’ లోకంలో ఏ నాన్నా ఇలా పలకడు. ముప్పై ఏళ్లలో ఆవిడ లక్ష తప్పులు దిద్దింది గానీ, రాసినవాళ్లకి తెలియకుండా ఒక్క మాట మార్చలేదు. ఇది వత్తూ కాదు, దీర్ఘమూ కాదు. అంతకంటే పెద్ద తప్పు, పైగా తను పెట్టిన ప్రశ్న గుర్తు పట్టుకునే వచ్చింది.

“మార్చెయ్యనా ఆంటీ?”

“ఆగమ్మా.”

మాస్టారికి ఫోన్ చేసింది. “రాసినవాళ్లని అడిగారా మాస్టారూ?”

“అడగడానికేముందమ్మా? మీకూ ఎబ్బెట్టుగా అనిపించబట్టేగా ప్రశ్న వేశారు. ప్రశ్న మీది, జవాబు నాది” అని ఆయన హాయిగా నవ్వాడు. “గురువారం సాయంత్రానికి అచ్చు ప్లేట్లు వెళ్లిపోవాలి. గుర్తుందిగా?”

ఫోన్ పెట్టేశాక ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది. పేజీ కింద ఉన్న నంబరుకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం దాకా నాలుగుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు.

బుధవారం మధ్యాహ్నం, అన్నం గిన్నె మూత కూడా తియ్యకుండా, ఆవిడ నలభై మూడో పేజీని కవర్లో పెట్టుకుని బయల్దేరింది. షెడ్డు రెండు బస్టాపుల దూరం. రేకుల కప్పు, రోడ్డు మీదికి తెరిచిన వెడల్పాటి షట్టరు. లోపల ఇనుము ఇనుముని కోస్తున్న సన్నని కూత. ఫోన్ ఎందుకు ఎత్తలేదో గుమ్మంలో నిలబడగానే అర్థమైంది.

లేత్ ముందు ఉన్నది బండ మీసం కాదు. ముప్పై అయిదేళ్ల ఆడమనిషి. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా, జుట్టుకి గట్టిగా బిగించిన గుడ్డ. గిర్రున తిరుగుతున్న ఇనప కడ్డీ మీద పాలలాంటి నీళ్లు సన్నగా పడుతున్నాయి. కడ్డీ నుంచి ఇనుము ఉల్లిపొరలా సుళ్లు తిరిగి ఊడుతోంది. ఆ మనిషి తల తిప్పకుండానే ఎడమచెయ్యి ఎత్తి, ‘ఒక్క నిమిషం’ అన్నట్టు చూపించింది.

వెనకగది గుమ్మంలో కుర్చీలో ఒక ముసలాయన. కుడిచెయ్యి ఎవరిదో వస్తువు ఒళ్లో పెట్టుకున్నట్టు కదలకుండా ఉంది. ఎడమచేతిలో నూనెగుడ్డ. కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుంది ప్రూఫులావిడ.

కూత కొంచెం మారింది. మారిందని ప్రూఫులావిడకి తెలియలేదు గానీ, ముసలాయన కళ్లు తెరుచుకున్నాయి.

“ఏయ్! నా కొడకా!”

ప్రూఫులావిడ చేతిలో కవరు నలిగింది. భుజాలు లేచాయి. లేత్ దగ్గరి చెయ్యి మాత్రం అప్పటికే మీట మీద పడింది. తిరుగుడు నెమ్మదించి ఆగింది. కూతురు వంగి, కోసే పనిముట్టు మొన మీద బొటనవేలు ఆనించి చూసింది.

“మొన విరిగింది నాన్నా, నిజమే” అంది. తర్వాత వచ్చినావిడ వైపు తిరిగి, “ఇంకో రెండు చుట్లు తిరిగుంటే జాబు, అదే ఈ కడ్డీ, పాడైపోయేదండీ. నాకు కంటికి కనబడాలి. ఆయనకి చెవి చాలు” అంది.

ముసలాయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ప్రూఫులావిడ తనెవరో చెప్పింది. ఆ అమ్మాయి గబగబా చేతులు తుడుచుకుని స్టూలు జరిపింది. ఇంతలో కుర్చీలోంచి మళ్లీ అదే మాట. ఈసారి మెల్లగా, కొస ముద్దగా. అమ్మాయి లేచి వెళ్లి, గ్లాసు ఆయన పెదవి ఎడమవైపు ఆనించి నీళ్లు తాగించింది. గడ్డం మీదికి కారినవి చొక్కా చేతితో తుడిచింది. తుడిచేటప్పుడు మరోసారి అన్నాడు. ఊపిరి వదిలినట్టు అన్నాడు.

“ఇంకేం మాటలు రావా?” అని అడిగింది ప్రూఫులావిడ.

“ఇదొక్కటే మిగిలిందండీ. తలలో నరం చిట్లాక మూడు నెలలు ఇది కూడా లేదు. ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ రోజూ ఏం పలికాడో నోటుబుక్కులో రాయమంది. మూడు నెలలూ తారీకు వేసి ఖాళీ వదిలేదాన్ని. ఆ రోజు వాన ఆగింది. నేను షాఫ్టు బిగిస్తూ, దాన్ని పట్టి ఉంచే చక్‌లోనే బిగింపు తాళం మరిచిపోయి, మిషన్ తిప్పే మీట మీద చెయ్యి వేశాను. వెనక నుంచి అరిచాడు.” అరచెయ్యి తిప్పి చూసుకుంది. “లేకపోతే తాళం ఎగిరొచ్చి మొహం పగలగొట్టేది. ఆ రాత్రి అదే నోటుబుక్కులో రాశాను. తర్వాత లైబ్రరీలో పోటీ నోటీసు చూసి, ఆ ముక్కనే మూడు పంక్తులు చేశాను. నాకు హైకూలూ అవీ తెలియవండీ.”

ప్రూఫులావిడ కవర్లోంచి పేజీ తీసి, నీలం గీత సంఘం పెద్దాయనదని చెప్పి ఇచ్చింది. అమ్మాయి చదివింది. ముందు అర్థం కానట్టు, తర్వాత పెదవులు బిగించి, ఆఖరికి ఆపుకోలేక నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

“నాన్నా, నువ్వు ఏమన్నావో తెలుసా? ‘ఓ నా కుమారా’ అన్నావంట!”

ముసలాయన కళ్లు తెరిచి, పేజీనీ దాన్ని తెచ్చిన మనిషినీ మార్చి మార్చి చూశాడు. నోటి ఎడమ అంచు పైకి లేచింది. ఆ ఒక్క మాటా అన్నాడు, చాలా స్పష్టంగా. ఈసారి అది నీలం గీత గీసినాయనకే చెందుతుందని ముగ్గురికీ తెలుసు. ప్రూఫులావిడ తనకి తెలియకుండానే నవ్వేసింది.

నవ్వు తగ్గాక అమ్మాయి పేజీని మోకాలి మీద పరిచి, నలిగిన అంచు సరిచేసింది.

“చిన్నప్పట్నించి నన్ను ‘తల్లీ’ అనే పిలిచేవాడండీ. తల్లీ, షెడ్డులోకి రాకు, బట్టలు మాస్తాయి. తల్లీ, ఇనుము దగ్గర నీకేం పని. ఈ మాట ఇక్కడ పని నేర్చుకునేవాళ్లకే. కొలత తప్పితే ఇదే, వేలు తెగబోతే ఇదే, పని అద్దంలా వస్తే భుజం తట్టి మళ్లీ ఇదే. నేను రెండు వీధుల అవతల ఇంకో షెడ్డులో నేర్చుకున్నాను. ఆయనకి తెలుసు. తెలియనట్టే ఉండేవాడు.” కుర్చీ వైపు చూసింది. “ఈయన దగ్గర నేర్చుకున్నవాళ్లంతా ఆ మాట తిన్నవాళ్లే, నేను తప్ప. ఆ రోజు తిన్నాను.”

బయట లారీ ఏదో పోయింది. రేకులు కాసేపు వణికాయి.

“తీసెయ్యండి మేడం” అంది, పేజీ తిరిగిచ్చేస్తూ. “పుస్తకంలోంచే తీసెయ్యండి. పెద్దాయనతో గొడవ వద్దు. కానీ ఇలా మాత్రం వెయ్యొద్దు. కొలత తప్పిన జాబు నేను షెడ్డు దాటనివ్వను.”

ప్రూఫులావిడ పేజీ అందుకోలేదు. “ముందు దానికి సున్నా చుట్టింది నేనే” అంది.

“ఎందుకండీ?”

“నేనూ విన్నాను ఆ మాట. ఇలా కాదు.”

అమ్మాయి ఆవిడ మొహంలోకి చూసింది. నూనెగుడ్డ తీసుకుని, ఇందాకే తుడిచిన వేళ్లని మళ్లీ ఒక్కొక్కటే తుడుచుకుంది. “అలా విన్నవాళ్లు నా పేజీ తిప్పితే, వాళ్లకి నా సంగతెలా తెలుస్తుంది?” అంది నెమ్మదిగా. “నేనది ఆలోచించలేదు. మీరే చెప్పండి మేడం, ఉండాలా, వద్దా?”

ఎవరినైనా ఏదైనా అడగడమే ఆవిడ వృత్తి. తనని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. “రేపు సాయంత్రం దాకా టైముంది” అంటూ పేజీ తీసుకుని లేచింది.

గురువారం మాస్టారు మూడింటికే వచ్చాడు. గొడుగు తలుపు మూల ఆనించి, బల్లకి ఎదురుగా కూర్చుని, ఆఖరి ప్రూఫులు తిప్పుతూ నలభై మూడు దగ్గర ఆగాడు. అందులో దిద్దుబాటు ఎక్కలేదు.

“ఇది అలాగే ఉందేమిటమ్మా?”

“వెళ్లి అడిగొచ్చాను మాస్టారూ.”

ఆవిడ షెడ్డు సంగతి చెప్పింది, మొదట్నించి చివరిదాకా, ఏదీ పెంచకుండా. ఆయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. రాసింది ఆడపిల్ల అన్నప్పుడు కనుబొమలు కొద్దిగా లేచాయి.

“పాపం, కష్టమే” అన్నాడు. “కష్టం వేరు, కవిత్వం వేరు. ఈ మాట అన్నందుకు నేను పిల్లల్ని బెంచీ ఎక్కించేవాణ్ని. హైకూ అంటే ఊపిరి బిగబట్టి చూసే ఒక్క క్షణం. అంత చిన్న గిన్నెలో చుక్క బురద పడినా నీళ్లన్నీ పాడే. పెద్ద కథలో తిట్టుందంటే పక్కన పది మాటలు దానికి కాపలా ఉంటాయి. ఇక్కడ ఏమున్నాయి? అయినా ప్రశ్న వేసింది మీరేగా?”

“ప్రశ్న వేశాను. మీరు జవాబు రాశారు. అది రాయాల్సింది ఆ అమ్మాయి.”

“ఏమంటుంది మరి?”

“తీసెయ్యమంటోంది. మార్చొద్దంటోంది.”

“అయితే తీసేద్దాం. అందరికీ సుఖం.” ఆయన కలం మూత తీశాడు. పేజీ అడ్డంగా గీత గీయబోయి, ఎందుకో ఆగాడు. “అంత తేడాగా ఎలా అన్నాడమ్మా ఆయన? ఒకే మాటగా?”

అడిగింది వాదనకి కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ప్రూఫులావిడ బల్ల మీది స్కేలు పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఆవిడ నోట్లోంచి ఆ గదిలో గట్టి మాటే రాలేదు. ఆ మాట సంగతి సరేసరి, పుట్టాక ఎన్నడూ అనలేదు.

“ఏయ్, నా కొడకా!”

ఆవిడ అనుకున్నట్టు రాలేదు. ఆవిడకి కంఠతా వచ్చిన మోత ఒకటుంది, అదే వచ్చింది. కీబోర్డు చప్పుడు ఆగింది. బైండింగు పెద్దావిడ చేతిలో మడత సగంలో ఉండిపోయింది. మాస్టారు కుర్చీలో వెనక్కి జరిగాడు. ఆ గొంతు తన గొంతులో అంత భద్రంగా దాగి ఉందని ఆవిడకి అప్పటిదాకా తెలియదు.

“కాదు” అంది. “ఇలా కాదు. ఇది వేరే ఇంట్లోది.”

కళ్లు మూసుకుంది. ఇనప కడ్డీ తిరుగుతోంది, మొన విరుగుతోంది, పిల్ల చెయ్యి దాని పక్కనే ఉంది. మళ్లీ అంది. ఈసారి మాటకి ముందే చెయ్యి లేచింది, ఎవరినో వెనక్కి లాగబోయినట్టు.

మిషన్ ఆపరేటరు, తన వెనకేమైనా పడబోతోందేమోనని అప్రయత్నంగా వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

మాస్టారు చాలాసేపు కలం మూత వేళ్ల మధ్య తిప్పాడు. “మొదటిది...” అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి, ఆ ప్రశ్న మింగేశాడు.

“అక్షరాలు అవే మాస్టారూ” అంది ఆవిడ. “చదివేవాళ్లు ఏది వింటారో మన చేతిలో లేదు. నాకూ మొన్న మొదటిదే వినబడింది. మీకూ అంతే.”

“మరి పెట్టమంటారా, వద్దంటారా? మీ మాట చెప్పండి.”

“పెట్టాలి” అంది. నిన్న దొరకని జవాబు ఇప్పుడు ఎక్కడా వెతకకుండానే వచ్చింది. “పైన వాన ఉంది, మధ్యలో నాన్న ఉన్నాడు. ఆ రెండు పంక్తులే దానికి కాపలా. చాలకపోతే చాలకపోనివ్వండి. ఇందాక దాన్ని నా నోటితో అన్నాక, అది మునుపంత పెద్దగా లేదు.”

మాస్టారు పాత ప్రూఫు తీసుకుని, తను గీసిన నీలం గీత మీద అడ్డంగా రెండు చిన్న గీతలు కొట్టాడు. పక్కన ‘ఉండనివ్వండి’ అని రాసి సంతకం పెట్టాడు. “నాకు ఇప్పటికీ ఇష్టం లేదు” అన్నాడు.

“నాకూ పూర్తిగా లేదండీ.”

ఆపరేటరమ్మాయి ఫోన్లో లేత్ షెడ్డుకి సందేశం పంపింది. జవాబుకి పది నిమిషాలు పట్టింది. ‘జాబు మీద ఉన్నాను. నాన్నకి చెప్పాను. సరే, వెయ్యండి’ అని వచ్చింది.

మాస్టారు గొడుగు అందుకున్నవాడల్లా మళ్లీ కూర్చున్నాడు. తన ముందుమాట పేజీ అడిగి తీసుకుని, చివర ఖాళీలో ఆగి ఆగి రెండు వాక్యాలు రాసి బల్ల మీదుగా జరిపాడు. ప్రూఫులావిడ స్కేలు ఆనించి చదివింది. ‘ఈ సంపుటిలోని ఒక మాట పట్ల నాకు అబ్యంతరం ఉండేది. ఇప్పుడు సందేహం మాత్రమే ఉన్నది.’

ఎర్రపెన్ను ఆగింది. ఆవిడ తలెత్తింది.

“మాస్టారూ, అభ్యంతరంలో భకి వత్తు పడలేదు. పెట్టమంటారా?”

ఊళ్లో సగంమందికి గుణింతాలు నేర్పిన మనిషి కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. చెవుల దాకా ఎర్రబడి, తర్వాత మెల్లగా నవ్వాడు.

“దానికి కూడా నన్ను అడగాలా అమ్మా?”

“రాసింది మీరు కదండీ” అందావిడ, పెన్ను పైకెత్తి పట్టుకుని.